పక్క సీట్లో మాస్టారు

ఆ ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగం మందికి మొదటిసారి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది మాస్టారే. ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపారు. ఇద్దరు డాక్టర్లు, ఒక జడ్జి, అగ్నిమాపక దళంలో నలుగురు ఆయన పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్లే. కట్టుకున్న ఇల్లాలికి మాత్రం నేర్పలేకపోయారు. ఇరవై ఏళ్ల కిందట ఒకసారి ప్రయత్నించారు. మూడో నిమిషంలో, నాలుగు రోడ్ల కూడలి నడిమధ్యన, "నీకు చెవులున్నాయా, లేవా?" అన్నారు. ఆవిడ బండి అక్కడే ఆపి, దిగి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది. వెనక హారన్లు మోగుతుంటే మాస్టారు ఈ సీట్లోంచి ఆ సీట్లోకి మారడానికి నానా తంటాలు పడ్డారు. ఆ తర్వాత ఎవరైనా అడిగితే ఆవిడ, "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు లెండి" అని నవ్వేసేది.

ఆవిడ పనిచేసేది కళ్లద్దాల దుకాణంలో. అద్దాన్ని ఫ్రేముకు సరిపోయేలా అరగదీసి బిగించే పని. కాస్త ఎక్కువ అరిగితే అద్దం జారిపోతుంది, తక్కువ అరిగితే బిగించేటప్పుడు పగులుతుంది. అందుకే ఆవిడ దేనికీ తొందరపడదు. వీధిలో అందరూ అద్దాలమ్మ అనేవాళ్లు.

పోయిన శీతాకాలంలో ఒక ఉదయం మాస్టారు పళ్లెం ముందు కూర్చుని, "ఏంటోయ్, ఇవాళ ఇంత కొంచెమే పెట్టావు?" అన్నారు. పళ్లెంలో కుడివైపు సగం ఖాళీ. ఎడమవైపు సగం పెట్టింది పెట్టినట్టే ఉంది. అద్దాలమ్మ పళ్లాన్ని అటుదిటు తిప్పింది. "ఆఁ, అలా అడగ్గానే పెట్టాలి" అంటూ ఆయన మళ్లీ తినడం మొదలుపెట్టారు. ఆవిడ చెప్పులు వేసుకుని టాక్సీ కోసం పరిగెత్తింది.

మెదడులో ఒక చిన్న రక్తనాళం మూసుకుపోయిందన్నారు ఆసుపత్రిలో. చెయ్యీ కాలూ మాటా దక్కాయి. కళ్లు రెండూ బాగానే ఉన్నాయి. మెదడే ఎడమవైపు సగాన్ని చూడడం మానేసింది.

"మెడ తిప్పి చూసుకోవడం అలవాటు చేసుకుంటే మీ పనులన్నీ మీరు చేసుకోవచ్చు" అంది డాక్టరమ్మ. "కారు మాత్రం ఇక నడపకూడదు. నేర్పనూ కూడదు."

డ్రైవింగ్ స్కూలుకు తాళం పడింది. మాస్టారు ఆరు నెలలు ముందుగది కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే బండ్లకు తప్పులు పట్టారు. "ఇండికేటరు వెయ్యలేదు చూడు. వీడికి లైసెన్సు ఎవడిచ్చాడు?" అనేవారు. సాయంత్రానికి ఆ మాటలు కూడా తగ్గిపోయేవి. కూతురు ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నానమ్మా" అని ఫోను భార్యకు ఇచ్చేసేవారు.

ఒకరోజు దుకాణం నుంచి వచ్చిన అద్దాలమ్మ ఆయన ముందు బల్ల మీద ఒక కార్డు పెట్టింది. ఆయన మెడ తిప్పి చూశారు. ఆవిడ ఫోటోతో డ్రైవింగ్ లైసెన్సు.

"ఎవరు నేర్పారు?"

"హారన్ మాస్టారు."

హారన్ మాస్టారంటే ఎదురు వీధిలో ఇంకో స్కూలు పెట్టినాయన. ఆయన శిష్యులకు బ్రేకు కంటే ముందు హారన్ వస్తుందని వెక్కిరిస్తూ ఆ పేరు పెట్టింది మాస్టారే. మాస్టారికి ముక్కు మీదే ఉండే కోపం నెత్తికెక్కింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"నాలుగు రోజులు సెలవు పెట్టాను. మన బండిలో కొండల్లోకి పోతున్నాం. ఏరు పక్కన టెంటు వేసుకుని ఉందాం. మీరు వస్తే సంతోషం. రాకపోతే పక్క సీట్లో దుప్పట్లు పెట్టుకుంటాను."

మాస్టారు దుప్పట్లకు సీటు వదులుకునే మనిషి కాదు.

బండి స్కూలు బండే. పక్క సీటు కింద మాస్టారి కాళ్ల కోసం బిగించిన రెండో బ్రేకు, రెండో క్లచ్ ఉండాలి. ఆయన ఎక్కి కూర్చుని కాళ్లతో వెతికారు. ఉత్త నేల తగిలింది.

"మెకానిక్‌తో తీయించేశాను" అంది అద్దాలమ్మ, అద్దం సరిచేసుకుంటూ. "ఇంకో షరతు. పాఠం చెప్పాలంటే ముందు చెయ్యెత్తాలి. నేను సరేనంటేనే నోరు విప్పాలి."

"ముప్పై ఒక్క ఏళ్లు నేను..."

"చెయ్యెత్తలేదు మీరు."

మొదటి గంటలో ఆయన పదకొండుసార్లు చెయ్యెత్తారు. ఆవిడ రెండుసార్లు ఒప్పుకుంది. లారీని దాటేటప్పుడల్లా ఆయన కుడికాలు నేలను తొక్కింది. మధ్యాహ్నానికి పిక్క పట్టేసింది. ఊళ్లు పల్చబడ్డాయి. పొలాలు పోయి పొదలు, పొదలు పోయి చెట్లు వచ్చాయి. రోడ్డు పక్కన ఒక ఏరు కనబడుతూ, మాయమవుతూ వచ్చింది. సాయంత్రం ఐదింటికి ఆ ఏటి ఒడ్డునే, టెంట్లు వేసుకోవడానికి చదును చేసి ఉంచిన చోట ఆవిడ బండి ఆపింది.

టెంటు వేయడం ఇద్దరికీ కొత్త. ఆవిడ కాగితం చూసి కర్రలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తుంటే ఆయన మేకులు కొట్టారు. టెంటు లేచి నిలబడ్డాక, సుత్తి బండిలో పెట్టి వద్దామని తిరిగారు. ఎడమవైపు బిగించిన తాడు ఆయనకు కనబడలేదు. బోర్లా పడ్డారు. ఆయనతో పాటు టెంటూ పడింది.

ఆవిడ పరిగెత్తుకొచ్చింది. దెబ్బేమీ తగల్లేదు, మోచెయ్యి గీసుకుపోయిందంతే. కానీ ఆయన లేవలేదు. గడ్డిలో అలాగే కూర్చుండిపోయారు.

"ఇంట్లో ఓ మూల పడేస్తే సరిపోయేది కదా" అన్నారు. "పనికిరాని సామాన్ని ఇంతదూరం మోసుకురావడం దేనికి?"

"సామానైతే ఇంట్లోనే వదిలేసేదాన్ని. మనిషి కాబట్టే తెచ్చుకున్నాను. లేచి ఆ తాడు పట్టుకోండి, చీకటి పడకముందే మళ్లీ వేద్దాం."

ఆయన లేచారు. తాడు పట్టుకున్నారు. ఆవిడ తన మెడలో ఉన్న తెల్ల కండువా విప్పి, రెండు ముక్కలు చేసి, కంటబడేలా తాళ్లకు కట్టింది. ఆ పూట నిప్పుల్లో కాల్చిన బంగాళాదుంపలు తిని, ఏటి హోరు వింటూ తొందరగా పడుకున్నారు.

రెండో రోజంతా ఎక్కుడే. సూదుల్లాంటి ఆకుల చెట్లు రోడ్డుకు అటూ ఇటూ గోడ కట్టినట్టు నిలబడ్డాయి. బండి రెండో గేరులో మూలుగుతూ మలుపు తర్వాత మలుపు ఎక్కుతోంది. అద్దాలమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే మాట్లాడుతోంది.

"మీ పక్క లోయ. అడుగున మన ఏరే, దారంలా ఉంది. చూస్తున్నారా? ఇప్పుడొక చెక్క వంతెన. దాని మీద ఎవరో దుప్పటి ఆరేశారు."

ఆయన మెడ తిప్పి లోయను చూశారు. దారాన్నీ, వంతెననూ, దుప్పటినీ చూశారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన కళ్లు రోడ్డునూ, అద్దాన్నీ, శిష్యుల కాళ్లనూ తప్ప ఏమీ చూడలేదు. ఊళ్లో పాఠాలు చెప్పే ఆరు వీధుల్లోనే ఆయన తిరిగిన దూరం భూమిని ఎన్నిసార్లు చుట్టి వచ్చేదో లెక్కలేదు. కిటికీ దించి, చెయ్యి బయటపెట్టారు. శిష్యులనైతే తిట్టేవారు.

మెడ మళ్లీ ఇటు తిప్పినప్పుడు ఆవిడ కనబడింది. చెవి పక్క నెరిసిన జుట్టు, ముక్కు మీంచి కాస్త జారిన కళ్లజోడు, మలుపు వచ్చినప్పుడల్లా కింది పెదవి కొరుక్కోవడం. ఆయనకు వింతగా అనిపించింది. ఈ మనిషిని ఇలా పక్కనుంచి చూసి ఎన్నాళ్లయింది? ఆలోచిస్తే అర్థమైంది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ ఆవిడ ఎప్పుడూ ఆయనకు ఎడమవైపే ఉంటోంది. బల్ల దగ్గరా అంతే, వీధిలో నడిచేటప్పుడూ అంతే, మంచం మీదా అంతే. బండిలోనే కుడివైపుకు వచ్చింది, అదీ స్టీరింగ్ అటువైపు ఉంది కాబట్టి.

"ఏమోయ్, నువ్వు ఎప్పుడూ నా ఎడం పక్కకే ఎందుకు వస్తావు?"

"అటుపక్క మీకు కాపలా లేదు కదా" అంది ఆవిడ, గేరు మారుస్తూ.

ఆరు నెలల నుంచి గుమ్మాలకూ, స్తంభాలకూ, సైకిళ్లకూ గుద్దుకోకుండా తిరుగుతున్నది తన తెలివి వల్లేననుకున్నారు.

ఇంతటితో ఆయన మారిపోయి ఉంటే బాగుండేది. మనిషి అంత తేలికగా మారడు. ఆ సాయంత్రం కొండ పైన, చెట్ల మధ్య టెంటు వేసుకున్నారు. పొద్దున్నే పక్క టెంటులోంచి ఒక కుర్ర జంట పలకరించింది. "ఆ మలుపుల్లో భలే నడిపారు ఆంటీ! మీ వెనకే వచ్చాం" అందా అమ్మాయి. ఆ అబ్బాయి మాస్టారి వైపు తిరిగి, మర్యాదగానే అడిగాడు.

"మీకు నడపడం రాదా సార్?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి వెళ్లి బండిలో కూర్చున్నారు. మొహం మాడిపోయింది. అద్దాలమ్మ ఒక్కతే టెంటు మడిచింది.

ఆవలివైపు దిగుడు. ఇప్పుడు ఎడమవైపు కొండ గోడ, కుడివైపు లోయ. ఆవిడకు దిగుడు కొత్త. వాళ్ల ఊరు అరచేయిలా చదునుగా ఉంటుంది. హారన్ మాస్టారు మాత్రం కొండను ఎక్కడనుంచి తెచ్చి నేర్పుతాడు? ఆవిడ భయం కొద్దీ బ్రేకు మీంచి కాలు తీయడం లేదు. అరగంట గడిచేసరికి మాస్టారి ముక్కుకు వాసన తగిలింది. కాలిన బట్టలాంటి వాసన. బ్రేకులు మాడుతున్నాయి. ఆ వాసన ఏమిటో ఆయన్ను నిద్రలో అడిగినా చెప్పగలరు.

ఆయన చెయ్యెత్తలేదు.

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక మలుపు దాటింది. రెండు దాటాయి. నాలుగోదో ఐదోదో దాటాక ఆవిడ గొంతు వినబడింది. సన్నగా ఉంది.

"ఏమండీ, బ్రేకు మెత్తబడిపోయింది. కాలు నేలదాకా పోతోంది."

మాస్టారి కుడికాలు తన్నుకుంటూ ముందుకు పోయింది. అక్కడ ఏమీ లేదు. ఉన్నా ఉపయోగం లేదు. ఆ బ్రేకూ ఈ బ్రేకూ ఒకటే. మరుక్షణం మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ గొంతు అద్దాలమ్మ ఎన్నడూ వినలేదు. మొగుడి గొంతు కాదది. ముప్పై ఒక్క ఏళ్లు పరాయివాళ్ల కోసం దాచి ఉంచిన గొంతు, చల్లగా, నింపాదిగా.

"భయం లేదు. రోడ్డునే చూడు. రెండో గేరులోకి రా."

ఆవిడ గేరు దించింది. బండి ముందుకు తూగింది, ఇంజిను గట్టిగా అరిచింది.

"అరుస్తోందండీ!"

"అరవనీ. అరుస్తోందంటే పట్టి లాగుతోందన్నమాట. బాగా చేశావు. కాలితో బ్రేకును నొక్కుతూ వదులుతూ ఉండు. నేను ముందు చూస్తుంటాను. ఎడమవైపు ఏముందో నువ్వు చెప్పు."

"కొండ గోడ. చిన్న కాలవ. మళ్లీ గోడ..."

"చెప్తూ ఉండు."

"కింద, ఆ మలుపు తర్వాత, రోడ్డు పనివాళ్లు పోసిన కంకర గుట్ట!"

"ఎంత దూరం?"

"మన వీధంత."

"చాలు, బోలెడంత దూరం. బండిని ఆ గుట్టలోకే ఎక్కిద్దాం. మొదటి గేరు. ఆఁ. ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు పట్టుకో. మీట నొక్కే ఉంచి, కొంచెం కొంచెంగా పైకి లాగు. ఒక్కసారి గుంజితే బండి తిరిగిపోతుంది. నీ దుకాణంలో అద్దం అరగదీస్తావు చూడు, అంత మెల్లగా."

ఆవిడ హ్యాండ్‌బ్రేకును వెంట్రుకవాసి చొప్పున పైకి లాగింది. అద్దం అరగదీయడం తెలిసిన చెయ్యి అది. బండి నెమ్మదించింది. మలుపు తిరిగింది. ముందుచక్రాలు కంకరలోకి దిగబడ్డాయి, రాళ్లు బండి కడుపు కింద గలగలమన్నాయి. ఆగింది.

మాస్టారు దిగి, బండి చుట్టూ తిరిగి, ఆవిడ వైపు తలుపు తీశారు. స్టీరింగ్ మీద బిగుసుకుపోయిన ఆవిడ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశారు.

"నాకు ముందే తెలుసు" అన్నారు.

"ఏంటి?"

"బ్రేకులు మాడుతున్నాయని. ఐదు నిమిషాల ముందే వాసన వచ్చింది. చెప్పలేదు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "ఎందుకు?"

"నేను లేకుండా నువ్వు నడపలేవని తేలాలనిపించింది."

"తేలిందా?"

"నాకు బుద్ధి లేదని తేలింది."

అద్దాలమ్మ దిగి, రోడ్డు పక్క బండరాయి మీద కూర్చుంది. "చెయ్యెత్తమని షరతు పెట్టింది నేనే. అంతవరకు నా తప్పు. మిగతాదంతా మీదే" అని అటు తిరిగింది. ఆయన బతిమాలలేదు. నీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టి, కాస్త దూరంగా నిలబడ్డారు. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులైనా దొరికాయి, అదే గొప్ప అనుకున్నారు. ఇంకో రెండు మలుపులు తాను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకోగానే కంకర మీదే కూలబడ్డారు.

అరగంటకు దుంగలు మోసే లారీ ఒకటి ఎదురుగా ఎక్కుతూ వచ్చి ఆగింది. డ్రైవరు నడివయసు మనిషి. దిగి, చక్రాల దగ్గర వంగి, చెయ్యి దగ్గరగా పెట్టి చూశాడు.

"నీళ్లు పొయ్యలేదు కదా? మంచి పని చేశారు. పోస్తే పగులుతాయి. ఇంకో గంట ఆగండి, వాటంతటవే చల్లారతాయి." బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ చూశాడు, తన దగ్గరున్న డబ్బాలోంచి కొంచెం పోశాడు. కంకరలో బండి దిగబడిన తీరు చూసి తలాడించాడు. "గోడకు గీసుకోకుండా ఇంత చక్కగా ఆపారు. ఎవరు నడిపింది?"

"మా ఆవిడ" అన్నారు మాస్టారు.

"మీరు?"

"నేను డ్రైవింగ్ మాస్టార్ని. నాకు ఎడమవైపు కనబడదు. అందుకని నడపను. ఆవిడే నడుపుతుంది."

ఆ మాట బయటివాళ్లతో అనడం ఆయనకదే మొదటిసారి. నాలుక కాలలేదు. డ్రైవరు ఆశ్చర్యపోనూ లేదు, జాలిపడనూ లేదు. "అదృష్టవంతులు. మా ఇంట్లో బండీ నేనే తోలాలి, తిట్లూ నేనే తినాలి" అని నవ్వి, ఇద్దరికీ తన ఫ్లాస్కులోంచి టీ పోసి, లారీ ఎక్కి వెళ్లిపోయాడు. బండరాయి మీద అద్దాలమ్మ నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది.

చక్రాలు చల్లారాయి. బండిని కంకరలోంచి వెనక్కి తీసి, చదునుగా ఉన్నచోట నాలుగుసార్లు బ్రేకు వేసి చూసుకున్నారు. బయల్దేరేముందు మాస్టారు చెయ్యెత్తారు.

"చెప్పండి" అంది ఆవిడ.

"ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి. బండి పరుగు గేరు చూసుకుంటుంది, బ్రేకు మలుపుల ముందు మాత్రమే. అంతే పాఠం."

"అంతేనా? ఇరవై ఏళ్ల కిందట ఇలా చెప్పి ఉంటే ఆ రోజే నేర్చుకునేదాన్ని."

మిగతా కొండంతా రెండో గేరులో దిగారు. దారిలో ఆయన పాఠాలేమీ చెప్పలేదు. ఆవిడ చెప్పమన్నప్పుడు రెండు మాటలు చెప్పారు.

కొండ దిగాక ఇంకో ఏరు వెడల్పుగా, గులకరాళ్ల మీద పల్చగా పారుతోంది. ఎండ ఉండగానే టెంటు వేసుకున్నారు. ఆవిడ పాదాలు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటే ఆయన సూపు కాచారు, రొట్టె కోశారు, గిన్నెలు తోమారు. తోమిన గిన్నెల్లో ఒకదానికి ఎడమవైపు మసి అలాగే ఉంది. ఆవిడ చూసి కూడా ఏమీ అనలేదు. ఆయనే గిన్నె తిప్పి చూసి, "ఓహో" అని మళ్లీ తోమారు.

"ఆ హారన్ మాస్టారు పనిమంతుడేనోయ్" అన్నారు గిన్నె బోర్లిస్తూ. "క్లచ్ మీద నీ కాలు దూదిలా పడుతోంది. వెళ్లగానే ఆయనకో మాట చెప్పాలి."

"ఆయన భయపడ్డాడు, తెలుసా? 'మాస్టారి ఇల్లాలికి నేర్పితే ఆయన తప్పులు పడతారమ్మా' అని వారం రోజులు తిప్పించుకున్నాడు."

"మరి నీకేం పట్టింది, ఈ వయసులో?"

ఆవిడ నీళ్లలో కాళ్లు ఆడించింది. "మీరు కిటికీలోంచి రోడ్డును చూసే చూపు నేను చూడలేకపోయాను. రోడ్డు ఇంట్లోకి రాదు కదా. మిమ్మల్నే దాని దగ్గరికి తీసుకుపోదామనుకున్నాను."

మాస్టారు గిన్నె కింద పెట్టారు. ఆయన దగ్గర హెచ్చరికలున్నాయి, సూత్రాలున్నాయి, తిట్లు కావలసినన్ని ఉన్నాయి. ఇలాంటి చోట వాడే మాట ఒక్కటీ లేదు. వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. తడి చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"ఇంత మంచి చోటు ఉందని నాకు తెలీదోయ్" అన్నారు చివరికి. "తీసుకొచ్చావు. బతికించుకొచ్చావు. ఇంకేం కావాలి నాకు?"

"సూపులో ఉప్పు కావాలి" అంది ఆవిడ. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి మైదానంలోకి వచ్చేశారు. ఒక పెట్రోలు బంకు పక్కన చెట్ల నీడలో బండి ఆపి, "ఒక్క పది నిమిషాలు కళ్లు మూసుకుంటాను" అని ఆవిడ సీటు వెనక్కి వాల్చింది. వాల్చడమే ఆలస్యం, నిద్రపోయింది. నాలుగు రోజుల అలసట ఒక్కసారి మీద పడినట్టుంది.

మాస్టారు చప్పుడు కాకుండా రెండువైపులా కిటికీలు దించారు. ఎండ ఆవిడ మొహం మీదికి జరిగితే కిటికీకి తువ్వాలు అడ్డం కట్టారు. ఎవరో హారన్ కొట్టబోతే దిగి వెళ్లి, వద్దని సైగ చేసి వచ్చారు. మళ్లీ కూర్చుని, ఆవిడ ఊపిరి వింటూ, రోడ్డు మీద పోయే బండ్లను చూశారు. తప్పులు పట్టాలనిపించలేదు. వెళ్లేవాళ్లందరూ క్షేమంగా ఇళ్లకు చేరాలనిపించింది. కంకర పోసిన పనివాళ్లకూ, దుంగల లారీ ఆయనకూ, ఆసుపత్రి డాక్టరమ్మకూ మనసులోనే దణ్ణం పెట్టుకున్నారు.

నీడలు సాగాయి. అద్దాలమ్మ ఉలిక్కిపడి లేచింది.

"అయ్యో, ఎంతసేపు పడుకున్నాను?"

గంటన్నర దాటింది.

"పది నిమిషాలే" అన్నారు మాస్టారు. "మొహం కడుక్కుని రా. మెల్లగా పోదాం, తొందరేం లేదు."